నిబ్బరానికో నమస్కారం

పేరు పిలుస్తారు. గడియారం కదులుతుంది. అరవై సెకన్లు. ఆలోగా బార్‌బెల్ నేల విడవాలి. వెయిట్‌లిఫ్టింగ్‌లో నియమం అంతే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో ఆ గడియారం ముందు నిలబడింది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి. స్నాచ్‌లో 110 కిలోలు. క్లీన్ అండ్ జెర్క్‌లో 130. మొత్తం 240. ఇంకా ఒక్క ప్రయత్నం మిగిలింది. బంగారం ఆశించి 137.5 కిలోలు వేయించుకుంది. ఆ బరువు లొంగలేదు. కాంస్యంతో దిగి వచ్చింది, ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళగా.

లొంగని ఆ 137.5 కిలోలను కూడా నేను పతకంతో సమానంగా తలుచుకుంటాను. అప్పటికి ఎత్తినది చాలని చేతులు దులుపుకునే వీలుండగా, లోకమంతా చూస్తుండగా విఫలమయ్యే అవకాశాన్ని ఏరికోరి భుజాన వేసుకోవడమంటే మాటలా! ఆ క్షణంలో ఆమె చేతుల్లో ఉన్నది ఇనుము మాత్రమేనా? దేశం ఆశ, ఇన్నాళ్ళ సాధన, రేపటి పేపర్లు, ఇంటి దగ్గర టీవీ ముందు కూర్చున్నవాళ్ళ ప్రాణాలు. ఇవేవీ తూకానికి అందవు. అయినా మోయాల్సిందే.

ఒంటికి ఒలింపిక్స్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది ప్రమాదం ఒక్కటే. ఎదుట పులి ఉన్నా, పతకం ఉన్నా, పరీక్ష పేపరు ఉన్నా ఒకే తీరుగా ఉలిక్కిపడుతుంది. అడ్రినలిన్ పొంగుతుంది. గుండె దడదడలాడుతుంది. నోరు ఎండుతుంది, అరచేతులు తడుస్తాయి. కడుపులో తిరగాల్సిన రక్తం కండరాల్లోకి మళ్ళుతుంది. పారిపోవడానికైనా తిరగబడటానికైనా ఈ ఏర్పాటు భేషుగ్గా ఉంటుంది. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం పనికిరాదు. మనిషి తమాషా ఏమిటంటే, తాను గొప్పగా చెప్పుకునే పనులన్నీ సూదిలో దారం ఎక్కించే పనులుగానే పెట్టుకున్నాడు.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీనే చూడండి. గురిలో నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. గుండె కొట్టుకుంటే తుపాకీ కదులుతుంది. ఊపిరి పీలిస్తే గురి లేస్తుంది, వదిలితే దిగుతుంది. అంటే, బతికి ఉండటమే అక్కడ అడ్డంకి! 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఆఖరి తూటాకు వచ్చేసరికి ఫిన్లాండ్ ఆటగాడు హెన్రీ హాకినెన్‌తో సరిసమానంగా ఉన్నాడు. గరిష్ఠంగా దొరికేది 10.9. బింద్రా కొట్టింది 10.8. హాకినెన్‌కి వచ్చింది 9.7. ఇద్దరూ జీవితమంతా అదే పని చేసినవాళ్ళు. ఇద్దరి చేతుల్లోనూ అదే విద్య. ఆ ఒక్క తూటాలో ఒకరు బంగారానికి చేరారు, మరొకరు కాంస్యానికి జారారు. హాకినెన్‌ని చిన్నబుచ్చే మాట కాదిది. ఆ అంచు ఎంత సన్నమో, దాని మీద నిలబడటమే ఎంత ఘనమో చెప్పే మాట.

సాధనలో లక్షసార్లు చేసిన పని ఆ ఒక్కసారి ఎందుకు చెడుతుంది? అమెరికన్ మనస్తత్వవేత్త రాయ్ బామైస్టర్ 1984లో దీనికో జవాబు ప్రతిపాదించాడు. ఒత్తిడిలో మనిషి తనను తాను గమనించుకోవడం మొదలుపెడతాడు. చేయి తనంతట తాను చేసుకుపోయే పనిలోకి మనసు దూరి, ‘ఎలా చేస్తున్నావు?’ అని నిలదీస్తుంది. అంతే, చేయి తడబడుతుంది. ఇన్నేళ్ళు నేర్చుకున్నదాన్ని నమ్మి, అడ్డు తప్పుకోవడం మనసుకు పెద్ద విద్య. అందులో ఆరితేరినవాళ్ళను చూస్తే ఒకటే కనిపిస్తుంది: వాళ్ళకు తొందర ఉండదు. ఒత్తిడి కాలాన్ని కుదిస్తుంది. వాళ్ళు దాన్ని మళ్ళీ సాగదీస్తారు.

ఆ నింపాదితనానికి రాజధాని ఏదంటే, 2001 మార్చిలో ఓ వారంపాటు హైదరాబాదేనని బల్లగుద్ది చెప్పొచ్చు. మార్చి 11, ఆదివారం. బర్మింగ్‌హామ్‌లో హైదరాబాద్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ చైనాకు చెందిన చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక భారతీయుడికి మళ్ళీ అదే. కత్తికోతలు పడిన మోకాలితో, సెమీఫైనల్లో పీటర్ గేడ్‌ లాంటివాణ్ణి దాటుకుని సాధించిన గెలుపు. సరిగ్గా అదే రోజు కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఓ టెస్టు మ్యాచ్ మొదలైంది. వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన స్టీవ్ వా జట్టు 445 పరుగులు చేసింది. మనవాళ్ళు 171కే చాప చుట్టేశారు. 274 పరుగుల వెనకబాటు, ఫాలోఆన్. తొలి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 కొట్టిన మరో హైదరాబాద్ ఆటగాడు వీవీఎస్ లక్ష్మణ్‌ని ఈసారి మూడో స్థానంలో పంపారు.

ఆ నాలుగో రోజు, మార్చి 14, క్రికెట్ చూసేవాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ పండగే. లక్ష్మణ్‌కి నడుం నొప్పి. అవతల రాహుల్ ద్రావిడ్‌కి జ్వరం. 254కి 4 వికెట్లతో రోజు మొదలైంది, 589కి అవే 4 వికెట్లతో ముగిసింది. పొద్దు పొడిచింది, పొద్దు గుంకింది, మధ్యలో ఒక్కరూ అవుట్ కాలేదు. వేగంగా వచ్చే బంతి బ్యాట్స్‌మన్‌ని చేరడానికి అర సెకను చాలు. ఆ అర సెకనులో చూడాలి, తేల్చుకోవాలి, అడుగు వేయాలి, మణికట్టు తిప్పాలి. లక్ష్మణ్ అందులోనే ఇంకాస్త తీరిక కూడా సంపాదించాడు! కాలి గుర్తులతో చెదిరిన నేల మీద షేన్ వార్న్ లెగ్‌స్టంప్ బయట వేసిన బంతిని ఒకసారి మిడ్‌వికెట్ వైపు తిప్పాడు. అలాంటిదే మరో బంతిని ఎదురెళ్ళి కవర్స్ గుండా తోలాడు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు, రెండూ ఒప్పే. వార్న్‌ అంతటివాడు ఇంకెక్కడ వేయాలి? 281 పరుగులు, ద్రావిడ్‌తో కలిసి 376 పరుగుల భాగస్వామ్యం. మర్నాడు ఆస్ట్రేలియా 171 తేడాతో ఓడింది. వెనకబడి, మళ్ళీ బ్యాటింగ్‌కి దిగాల్సి వచ్చిన జట్టు గెలిచింది.

లక్ష్మణ్ తల్లిదండ్రులిద్దరూ విజయవాడ డాక్టర్లు. అతని ముందూ వైద్యమా, క్రికెటా అనే ప్రశ్న నిలిచింది. క్రికెట్ ఎంచుకున్నాడు, మనకు 281 దక్కింది. అయితే ఒకసారి ఊహించండి. ఆ మణికట్టు, ఆ చూపు, ఆ తీరిక బ్యాటు బదులు కత్తి పట్టి ఆపరేషన్ థియేటర్లోకి నడిచి ఉంటే? అక్కడా ఒక నాలుగో రోజు ఉండేది. దానికి స్కోరుబోర్డు ఉండేది కాదు.

ఆ గదిలోకి మనం చూడటానికి వెళ్ళం. వెళ్ళినా మత్తిచ్చి నిద్రపుచ్చుతారు. అందుకే అక్కడి ఆటను చూసినవాళ్ళు అరుదు. కడుపు తెరిచి ఉంది. ఉన్నట్టుండి ఏదో నాళం తెగి రక్తం ఎగజిమ్మింది. చేయి తిరిగిన సర్జను అప్పుడు మొదట చేసే పనేమిటో తెలుసా? వేలితో నొక్కి పట్టి ఆగడం. కంగారుగా రక్తపు మడుగులో క్లాంపు వేస్తే పక్కనున్న మంచి నాళానికి తగలొచ్చు. అందుకని ఆగాలి. రక్తం తోడెయ్యాలి. చూపు తేటపడ్డాక వేలు తీసి చూడాలి. తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరు చెవి ఇంకో అద్భుతం. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే మానిటర్ కూత స్థాయి కూడా కిందికి జారుతుంది. తెర వంక చూడకుండానే, మాట్లాడుతూనే, ఆ జారుడును పట్టేస్తారు. సంగీతం మాస్టారు అపస్వరం పట్టినంత సహజంగా ఒక ప్రాణాన్ని వింటూ ఉంటారు. అంతా అయ్యాక బయటికొచ్చి, ‘ఏం ఫర్వాలేదండీ’ అంటారు. ఆ రెండు మాటల వెనక ఎన్ని ఓవర్లు ఆడారో మనకు తెలియదు.

ఆటకూ మిగతా పనులకూ మొదటి తేడా ఇక్కడే ఉంది. ఆటగాడి ఒత్తిడికి ముహూర్తం ఉంటుంది. ఫలానా తేదీ, ఫలానా మైదానం, ఇన్ని గంటలకు అని ముందే అచ్చువేస్తారు. నాలుగేళ్ళు దానికోసమే తిని, దానికోసమే పడుకోవచ్చు. మిగతావాళ్ళకు ఆ ముహూర్తం చెప్పాపెట్టకుండా వస్తుంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఒక విమానం లేచిన కాసేపటికే పక్షుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ చచ్చుబడ్డాయి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్‌కి మిగిలింది మూడున్నర నిమిషాల లోపు. విమానాన్ని హడ్సన్ నది మీద దించాడు. 155 మందీ బతికారు. ఆ నది మీద అంతకుముందు నెట్‌ ప్రాక్టీస్ లేదు. నలభయ్యేళ్ళపాటు ఏమీ జరగని ప్రయాణాల్లో కూడబెట్టుకున్న నేర్పంతా ఆ ఒక్క మధ్యాహ్నం ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

అంతదూరం ఎందుకు, మన రోడ్ల మీదికే వద్దాం. 2005లో మన దగ్గర 108 బండ్లు మొదలయ్యాయి. బండి నడిపేవాణ్ణి అక్కడ పైలట్ అంటారు. వెనక ఉండేది ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. అర్ధరాత్రి, ఏజెన్సీ ఘాట్ రోడ్డు, వాన. ఆస్పత్రి ఇంకా దూరంలో ఉండగానే నొప్పులు ఎక్కువవుతాయి. పైలట్ బండి పక్కకు తీసి ఆపుతాడు. అద్దాల మీద వాన చప్పుడు, లోపల చిన్న లైటు, ఫోన్‌లో డాక్టరు గొంతు, ఆ తల్లి కేక. బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుని ఉంటే ఆ ఈఎంటీ వేళ్ళు దాన్ని తప్పించాలి. రీప్లే లేదు. థర్డ్ అంపైర్ లేడు. బిడ్డ ఏడుపే విజిల్. మర్నాడు జిల్లా పేజీలో ఓ మూల రెండు లైన్ల వార్త వస్తుంది: 108లో ప్రసవం, తల్లీబిడ్డా క్షేమం. నాకు తెలిసి ఇంతకన్నా అందమైన స్కోరు ఏ పేపరూ అచ్చువేయలేదు.

కొన్ని చోట్ల ఒత్తిడిని జయించడమంటే చేయడం. కొన్ని చోట్ల ఆపడం. 2019 జులై 15 తెల్లవారుజాము 2 గంటల 51 నిమిషాలకు శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 ఎగరాలి. రాష్ట్రపతి స్వయంగా వచ్చి కూర్చున్నారు. దేశం నిద్ర మానుకుని టీవీల ముందుంది. కౌంట్‌డౌన్ 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగిపోయింది. సాంకేతిక లోపం కనిపించింది, ఆపేశారు. ఆపెయ్యండి అని చెప్పడానికి ఎంత గుండె కావాలి! అన్ని కళ్ళు ‘పో’ అంటుంటే ఒక్క అంకె ‘వద్దు’ అంటోంది. వాళ్ళు అంకె మాట విన్నారు. వారం తిరిగేసరికి, జులై 22 మధ్యాహ్నం, రాకెట్ నిండు వెలుతురులో లేచింది. ఆటలో ఈ హక్కు లేదు. ఆఖరి ఓవర్లో బౌలర్ చేయెత్తి, ‘ఇవాళ చేయి సరిగా లేదు, వచ్చే సోమవారం వేస్తాను’ అనలేడు. ప్రాణాలతో, కోట్ల రూపాయలతో ముడిపడ్డ పనుల్లో మనుషులు ఆగే హక్కును తెలివిగా నియమాల్లోనే రాసుకున్నారు. ఆపరేషన్లో కూడా కత్తి పెట్టేముందు అందరూ ఒక్క క్షణం ఆగి, మనిషి పేరూ, చేసే పనీ, చేసే చోటూ పైకి చెప్పుకుంటారు. వినయం నిబ్బరానికి పుట్టిల్లని తెలిసినవాళ్ళ పద్ధతి అది.

ఇక గోల మాట. మైదానంలో అరుపులు, ఎగతాళి, వికెట్ వెనక నుంచి గుచ్చే మాటలు ఆటగాడు తట్టుకోవాల్సిన దెబ్బలు. ఆ గోలను ఏకంగా నియమంగా పెట్టుకుని, ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టిన విద్య మనకుంది. అష్టావధానంలో ఒక అవధాని, ఆయన్ని ప్రశ్నించే ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు నాలుగు పొంతన లేని పదాలిచ్చి పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అవధాని నోటి నుంచి రాబోయే అక్షరాన్ని పసిగట్టి ముందే నిషేధిస్తారు. అవధాని అప్పటికప్పుడు పక్క దారి తొక్కాలి, ఛందస్సు చెడకుండా, అర్థం చెదరకుండా. మధ్యమధ్య గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాలి. ఇంత జరుగుతుండగా అప్రస్తుత ప్రసంగి ఏవో కొంటె ప్రశ్నలు వేసి ధ్యాస మళ్ళిస్తుంటారు. ఆయన పనే అది! ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం. అన్నీ ముగిశాక కాగితం ముక్క లేకుండా పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పడం ధారణ. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూరా తిప్పి, సభల నిండా జనాన్ని కూర్చోబెట్టారు. జనం విరగబడి చూసింది పద్యాల్నే కాదు, దడ పుట్టించే చోట చిరునవ్వు చెదరని ఆ ముఖాన్ని కూడా. కవిత్వానికి స్టేడియం కట్టిన జాతి మనది.

ఆట కన్నా బడలిక పెట్టేది ఏదైనా ఉంటే అది కదలకుండా ఆడే ఆట. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తల్లయ్యాక కొంతకాలం బల్లకు దూరంగా ఉండి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ కోసం కూర్చుంది. టైబ్రేక్‌లో లెయ్ టింగ్‌జీ చేతిలో మొదటి ఆట ఓడింది. రెండోది గెలిచింది. చివరికి, డ్రా అయినా నల్ల పావులకే గెలుపు దక్కే ఆర్మగెడాన్ ఆటలో నల్ల పావులతో డ్రా చేసి కిరీటం అందుకుంది. గుండె పరుగెడుతుంటే ఒంటిని కుర్చీలో కట్టేసి ఉంచాలి. అరవడానికి లేదు, ఉరకడానికి లేదు. వేలి కొసతో పావును జరపడం, గడియారం నొక్కడం, అంతే. 2024 చివర్లో న్యూయార్క్‌లో అదే కిరీటం మళ్ళీ గెలిచింది.

మళ్ళీ. ఈ మాట దగ్గరే ఆట మిగతా వృత్తులన్నిటికీ దూరంగా, ఒక వరంలా నిలబడుతుంది. 2017 ఆగస్టులో గ్లాస్గోలో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో పీవీ సింధు, నొజోమి ఒకుహారా 110 నిమిషాలు కొట్టుకున్నారు. రెండో గేమ్ చివర్లో ఒక్క పాయింటు కోసం 73 షాట్ల ర్యాలీ. దాన్ని సింధు గెలిచింది. గెలిచాక ఇద్దరూ నేలకు ఒరిగిపోయేలా ఉన్నారు. మూడో గేమ్ మాత్రం 20-22తో ఓడింది. మరుసటి ఏడాది మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఓటమి. ఆపై 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాను 21-7, 21-7తో నలభై నిమిషాలు కూడా పట్టకుండా ఓడించి ప్రపంచ విజేత అయింది. గ్లాస్గో ఓటమిలో ఎవరూ చనిపోలేదు. అందుకే బాసెల్ సాధ్యమైంది. ఓడి కూడా తెల్లారి లేచి బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి మనిషి కట్టుకున్న బడి పేరే ఆట.

నిజానికి ఆట ఎవరికీ అవసరం లేదు. 281 కొట్టకపోయినా హైదరాబాద్‌లో పాలబండి వచ్చేది. 240 కిలోలు ఎత్తకపోయినా శ్రీకాకుళంలో వాన పడేది. అవసరం లేని బరువును, అది తప్ప లోకంలో ఇంకేమీ లేనంత శ్రద్ధగా ఎత్తడం, అదీ ఆటగాడి వైభవం. సర్జనుదీ, పైలట్‌దీ, ఈఎంటీదీ ఇంకో వైభవం. వాళ్ళు ఎత్తే బరువు తమది కాదు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళది. ఈ రెంటినీ తక్కెడలో వేసి ఏది ఎక్కువని తూచబోతే తక్కెడ నవ్వుతుంది. ఇద్దరి వెనకా ఉన్నది ఒకటే: ఎవరూ చూడని, ఏమీ జరగని, అలుపు తప్ప ఆనవాలు మిగలని వేల రోజుల సాధన.

ఆట మనకు చేసిన ఉపకారం ఏమిటంటే, చూడటం నేర్పింది. వణికే అవకాశమున్న చేయి వణక్కపోతే అది ఎంత గొప్పో, లైట్లు వేసి, దగ్గరగా చూపించి, అంకెలు కట్టి మరీ నేర్పింది. ఆ చూపును మైదానం గేటు దగ్గర వదిలేసి రాకూడదు. లక్ష్మణ్ పరుగులు మనకు కంఠతా వచ్చు. మీ మండలం 108 బండిలో ఉండే మనిషిని ఈసారి కనిపిస్తే ఆపి అడగండి, ‘ఇప్పటిదాకా ఎన్ని పురుళ్ళు పోశారు?’ అని. ఆ అంకె కూడా కంఠతా రావలసిందే.